జాజ్ పియానిస్టు పని, నైపుణ్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పియానో కొంత వాయించడం వచ్చి జాజ్ వైపు చూస్తున్నవాళ్ళు, జాజ్ వింటూ ఆ పియానో దగ్గర కూర్చున్నవాళ్ళు అసలేం చేస్తున్నారో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఏ ప్రశ్నతో మొదలుపెట్టినా జవాబు చాలాసార్లు పక్కవాళ్ళను వినడం దగ్గరికే చేరుతుంది. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే తక్కువగా నేర్పేదీ అదే. అందుకే ఆ సంగతి పదేపదే చెప్పడానికి వెనకాడలేదు.

జాజ్ బృందంలో పియానిస్టు అసలు ఏం చేస్తారు?

సాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్ ఉన్న నలుగురి బృందాన్ని తీసుకుందాం. ముందు సాక్సోఫోన్ పాట బాణీని వాయిస్తుంది. దీన్ని హెడ్ అంటారు. తర్వాత అదే కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరుస మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ సోలో వాయిస్తారు. చివర మళ్ళీ హెడ్ వస్తుంది. ఇందులో పియానిస్టుకు ఒక సోలో ఉంటుంది. మిగతా సమయమంతా, అంటే పాటలో ఎక్కువ భాగం, ఇంకొకరు వాయిస్తుంటే వాళ్ళకు ఆధారంగా ఉండటమే పని.

ఆ ఆధారంలో చాలా పనులు కలిసి ఉంటాయి. ఇప్పుడు ఏ కార్డ్ నడుస్తోందో వినిపించాలి. బేస్, డ్రమ్స్‌తో కలిసి లయను నిలబెట్టాలి. ఈ ముగ్గురినీ కలిపి రిథమ్ సెక్షన్ అంటారు. పాట ఎత్తుగడ, ముగింపు చాలాసార్లు పియానో మీదే పడతాయి. ఎవరైనా పాటలో ఎక్కడున్నారో మరిచిపోతే, భాగం మారే చోట స్పష్టమైన కార్డ్ వేసి వాళ్ళను దారిలోకి తెచ్చేదీ తరచుగా పియానిస్టే. ప్రేక్షకులకు ఇదేమీ తెలియదు. తెలియకూడదు కూడా.

కాంపింగ్ అంటే ఏమిటి? కార్డ్‌లు వేస్తూ పోవడమేగా?

సోలో వాయించేవాళ్ళ వెనక పియానిస్టో గిటారిస్టో కార్డ్‌లతో చేసే పక్కవాద్యమే కాంపింగ్. ఏ కార్డ్ అన్నది పాటే చెబుతుంది. దాన్ని ఏ స్వరాలతో, ఏ స్థాయిలో, ఏ క్షణంలో, ఎంత గట్టిగా, ఎంత సేపు వేయాలన్నది మాత్రం ఎవరూ రాసి ఇవ్వరు. సోలో ఎలా అప్పటికప్పుడు పుడుతుందో కాంపింగ్ కూడా అలాగే పుడుతుంది.

కథ చెప్పేవాళ్ళకు పక్కన ఊ కొట్టే మనిషి ఉంటే కథ ఎలా సాగుతుందో మనకు తెలుసు. మాటమాటకూ ఊ కొడితే చెప్పేవాళ్ళకు చిరాకు వస్తుంది. అసలు కొట్టకపోతే వింటున్నారా లేదా అన్న అనుమానం వస్తుంది. కాంపింగ్‌లో పాళ్ళు కూడా ఇలాంటివే. సాక్సోఫోన్ ఒక ఫ్రేజ్ (వాక్యంలాంటి చిన్న స్వరాల వరుస) ముగించి ఊపిరి తీసుకునే చోట చిన్న జవాబు చాలు. ఆ ఫ్రేజ్‌నే తిరిగి వాయించి చూపించాల్సిన పని లేదు. ఇది కొత్తవాళ్ళకు బాగా ఉండే ఆశ. సోలోలో వినిపించిన ప్రతిదాన్నీ అనుకరిస్తే తాము వింటున్నట్టు తెలుస్తుందనుకుంటారు. సోలో వాయించేవాళ్ళకు మాత్రం అది దారికి అడ్డం.

లయ విషయంలో చార్ల్‌స్టన్ అనే చిన్న నమూనాతో మొదలుపెట్టండి. నాలుగు బీట్ల బార్‌లో (బార్ అంటే లయలో ఒక ఆవృతం) మొదటి బీట్ మీద ఒక కార్డ్, రెండో బీట్ రెండో సగంలో ఇంకొకటి, అంతే. ఈ నమూనానే అర బీట్ చొప్పున జరుపుకుంటూ పోతే వాడుకలో ఉన్న కాంపింగ్ లయల్లో చాలా భాగం చేతికి వచ్చేస్తాయి. తర్వాతి బార్‌లో రావాల్సిన కార్డ్‌ను అర బీట్ ముందే వేయడం కూడా తొందరగా అలవాటు చేసుకోవాలి. అది రానంత కాలం కాంపింగ్ బరువుగా, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది.

కౌంట్ బేసీ (1904–1984) ఈ విద్యలో గొప్పవాడు. తన బిగ్ బ్యాండ్‌లో (పెద్ద జాజ్ బృందంలో) ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్, వాల్టర్ పేజ్ బేస్, జో జోన్స్ డ్రమ్స్ వాయించేవారు. వాళ్ళు నాలుగు బీట్లనూ అంత నిలకడగా నడుపుతుంటే, బేసీ అక్కడక్కడా రెండు మూడు స్వరాలు మాత్రమే పెట్టేవాడు. వేగం రాక కాదు. న్యూయార్క్‌లోని హార్లెంలో, ఎడమ చెయ్యి కింది స్వరానికీ మధ్య కార్డ్‌కూ దూకే స్ట్రైడ్ పియానో ఉద్దండుల మధ్య నేర్చుకున్న మనిషి ఆయన. ఏది అక్కర్లేదో ఆయనకు తెలుసు. కాంపింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు ఆయన రికార్డుల దగ్గర చాలా కాలం గడపాలని నా గట్టి అభిప్రాయం.

బేసిస్టు ఉంటే ఎడమ చేత్తో కార్డ్ మూలస్వరం వాయించవద్దంటారు. ఎందుకు?

మూలస్వరం, అంటే రూట్, బేసిస్టు చేతిలో ఉంటుంది. పైగా బేసిస్టు ఆ స్వరాన్ని ఎప్పుడు వేయాలి, ఎలా చుట్టి రావాలి అన్నది తనే నిర్ణయించుకుంటారు. మీరు కూడా కింద అదే స్వరం మోగిస్తే వాళ్ళ స్వేచ్ఛ పోతుంది, శబ్దం కూడా మసకబారుతుంది. మధ్య సి కి ఒక ఆక్టేవ్ దిగువకు వెళ్ళాక దగ్గర దగ్గరగా పేర్చిన స్వరాలు విడివిడిగా వినిపించవు.

అందుకని కార్డ్‌కు రంగునిచ్చే స్వరాలనే ఉంచుతారు. రూట్ నుంచి లెక్కిస్తే మూడో స్వరం, ఏడో స్వరం ముఖ్యం. వాటికి తొమ్మిది, పదమూడు లాంటివి కలుపుతారు. ఒక ఉదాహరణ. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే వరుస జాజ్‌లో అడుగడుగునా ఎదురవుతుంది. సి నుంచి లెక్కిస్తే రెండు, ఐదు, ఒకటో స్వరాల మీద కట్టిన కార్డ్‌లు కాబట్టి దీన్నే టూ ఫైవ్ వన్ అంటారు. ఎడమ చేత్తో మొదటి కార్డ్‌కు ఎఫ్, ఎ, సి, ఇ వేయండి. రెండోదానికి సి ఒక్కటీ బి కి దిగితే చాలు: ఎఫ్, ఎ, బి, ఇ. మూడోదానికి ఇ, జి, బి, డి. చెయ్యి దాదాపు కదలలేదు, మూడు కార్డ్‌లూ పూర్తిగా వినిపించాయి. ఈ పద్ధతిని 1950ల చివర్లో బిల్ ఇవాన్స్ (1929–1980) లాంటివాళ్ళు స్థిరపరిచారు. ఇప్పుడు దాదాపు ప్రతి జాజ్ పియానిస్టూ ముందుగా నేర్చుకునే వాటిలో ఇదొకటి.

బేసిస్టు లేనప్పుడు ఈ సలహా చెల్లదు. అప్పుడు మూలస్వరం మీ బాధ్యతే.

వాయిసింగ్‌లు ఎన్ని వచ్చి ఉండాలి?

కార్డ్‌లోని స్వరాలను ఏ క్రమంలో, ఎంత ఎడంగా పేర్చామన్నదే వాయిసింగ్. కొద్దిపాటి వాయిసింగ్‌లు పన్నెండు కీలలోనూ (పాటకు ఆధారమైన స్వరాన్ని బట్టి దాని కీ) తడబడకుండా వస్తే, వందల వాయిసింగ్‌లు ఒక్క కీలో వచ్చినదానికంటే మేలు.

మొదట రూట్, మూడు, ఏడు మాత్రమే ఉండే షెల్ వాయిసింగ్‌లు. తర్వాత పైన చెప్పిన రూట్ లేనివి. ఆ తర్వాత నాలుగో స్వరాల దూరంతో పేర్చేవి. వీటికి మెకాయ్ టైనర్ (1938–2020) పెట్టింది పేరు. సాక్సోఫోనిస్టు జాన్ కోల్ట్రేన్ నలుగురి బృందంలో (క్వార్టెట్‌లో) 1960 నుంచి 1965 వరకు ఆయన ఎడమ చెయ్యి గంట కొట్టినంత గట్టిగా కింద ఐదో స్వరాల దూరాన్ని మోగిస్తే, మీద నాలుగుల కార్డ్‌లు కదులుతూ ఉండేవి. కోల్ట్రేన్ అంత దూరం వెళ్ళగలిగినా పాట చెదరకపోవడానికి ఆ చెయ్యి కూడా ఒక కారణం.

సోలో అంటే అప్పటికప్పుడు తోచింది వాయించడమా?

తోచడానికి ముందు లోపల చాలా ఉండాలి. పాట నిర్మాణం, దాని కార్డ్‌లు, ఆ కార్డ్‌ల మీద వినసొంపుగా పలికే స్వరాలు, వేలాది రికార్డుల్లో విన్న ఫ్రేజ్‌లు అన్నీ ఒంటికి పట్టి ఉంటే, ఆ క్షణంలో వాటిలోంచి కొత్త వరుస పుడుతుంది. ఒక్క ఫ్రేజ్ కూడా పాతది ఉండకూడదనుకోవడం అనవసరమైన టెన్షన్. గొప్పవాళ్ళ సోలోల్లో కూడా వాళ్ళకు ఇష్టమైన ఫ్రేజ్‌లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

నిర్మాణం తెలియకుండా సోలో ఉండదు. జాజ్ స్టాండర్డ్ పాటల్లో (జాజ్‌వాళ్ళందరూ తరచుగా వాయించే పాటల్లో) చాలా భాగం 32 బార్లవి. ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాల్లో మూడు ఒకేలా ఉండి మూడో భాగం మారే పద్ధతి బాగా ఎక్కువ. బ్లూస్ సాధారణంగా 12 బార్లు. నిర్మాణం ఒకసారి పూర్తవడాన్ని ఒక కోరస్ అంటారు. మీ సోలో ఎన్ని కోరస్‌లైనా కావచ్చు, ఎక్కడున్నారో మాత్రం క్షణం కూడా మరిచిపోకూడదు. లెక్కపెట్టడం ద్వారా ఇది రాదు. పాట బాణీని లోపల పాడుకుంటూ సోలో వాయించడం అలవాటు చేసుకుంటే వస్తుంది.

కుడిచెయ్యి వరుసలకు బడ్ పావెల్ (1924–1966) ఇప్పటికీ కొలమానం. చార్లీ పార్కర్ సాక్సోఫోన్‌లో వినిపించిన బీబాప్ (1940ల నాటి వేగమైన జాజ్ శైలి) భాషను ఆయన పియానో మీదికి తెచ్చాడు. ఎడమ చెయ్యి అప్పుడప్పుడూ రెండు స్వరాల షెల్ వేసి తప్పుకుంటుంది. కుడిచెయ్యి ఊపిరి తీసుకుంటూ పాడుతుంది. ఈ ఊపిరి సంగతి పియానిస్టులు ప్రత్యేకంగా నేర్చుకోవాలి. సాక్సోఫోన్ వాయించేవాళ్ళకు ఊపిరి అయిపోతే ఆగక తప్పదు. పియానిస్టులకు అలాంటి అడ్డు లేదు కాబట్టి ఆగడమే మరిచిపోతారు. వాయిస్తున్నది నోటితో సన్నగా పాడుతూ సాధన చేస్తే ఈ జబ్బు తగ్గుతుంది.

స్వింగ్ ఎలా వస్తుంది? రాసి ఉన్నట్టే వాయించినా స్వింగ్ రావడం లేదు.

కాగితం మీద అది పూర్తిగా ఉండదు. ఎనిమిదో వంతు స్వరాల్లో మొదటిది కాస్త పొడుగు, రెండోది కాస్త పొట్టి అని చెబుతారు. నెమ్మది పాటల్లో అది దాదాపు రెండుకు ఒకటి పాళ్ళలో ఉన్నా, వేగం పెరిగేకొద్దీ రెండూ సమానానికి దగ్గరవుతాయి. అన్ని వేగాలకూ ఒకే పాళ్ళు వాడితే గుర్రపు పరుగులా వినిపిస్తుంది. పైగా రెండో స్వరం మీద వచ్చే చిన్న నొక్కు, స్వరాలను అతికించి వాయించే తీరు కూడా స్వింగ్‌లో భాగాలే.

మెట్రోనోమ్‌ను రెండు, నాలుగు బీట్ల మీద మాత్రమే మోగేట్టు అనుకుని సాధన చేయండి. ఒకటి, మూడు మీరే పట్టుకోవాలి. మొదట్లో చాలా చిరాకుగా ఉంటుంది. కానీ లయ బయటినుంచి అందుకోవడం మానేసి మీలోంచి రావడం ఇక్కడే మొదలవుతుంది.

నోట్స్ చదవడం రాకపోతే జాజ్ వాయించలేమా?

ఎరల్ గార్నర్ (1921–1977) నోట్స్ చదవడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేశాడు. అంతమాత్రాన అది అందరికీ చెప్పదగిన మార్గం కాదు.

మామూలుగా పియానిస్టు ముందు ఉండేది లీడ్ షీట్: పైన బాణీ ఒక్క వరుసలో, దాని మీద కార్డ్ గుర్తులు. ఎడమ చేతికి ఏమీ రాసి ఉండదు. ఆ కొద్దిపాటి సమాచారం నుంచి పూర్తి సంగీతం తయారు చేయడమే పని. బిగ్ బ్యాండ్‌లోనో, స్టూడియోలోనో, నాటక ప్రదర్శనకో వాయించాలంటే మాత్రం పూర్తిగా రాసిన నోట్స్ చూసిన వెంటనే వాయించగలగాలి. ఆ పనులు వద్దనుకుంటే తప్ప చదవడం నేర్చుకోండి. అదే సమయంలో పాటలను చెవితో నేర్చుకోవడం ఆపకండి. లీడ్ షీట్ చూస్తూ వాయించినన్నాళ్ళూ కళ్ళకు పని ఎక్కువై చెవులు పక్కవాళ్ళ మీదికి వెళ్ళవు.

పాశ్చాత్య శాస్త్రీయ పియానో ముందు నేర్చుకోవాలా?

తప్పనిసరి కాదు, ఉంటే చాలా ఉపయోగం. హెర్బీ హాంకాక్ 11 ఏళ్ళ వయసులో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మొజార్ట్ కాన్చెర్టో భాగం వాయించాడు. బిల్ ఇవాన్స్ చేతిలోని మృదుత్వం వెనక కూడా అలాంటి శిక్షణే ఉంది. వేళ్ళ క్రమం, చెయ్యి బిగుసుకోకుండా వాయించడం, ఒక కార్డ్‌లో పై స్వరాన్ని మిగతావాటికంటే ముందుకు తేవడం ఆ శిక్షణలో బాగా వస్తాయి.

అక్కడినుంచి వచ్చేవాళ్ళు వదులుకోవాల్సినవి కూడా ఉన్నాయి. పెడల్ వాడకం బాగా తగ్గించాలి. వేగమైన స్వింగ్‌లో పెడల్ ఎక్కువైతే బేసిస్టు స్వరాలు మునిగిపోతాయి. భావం కోసం వేగాన్ని సాగదీయడం రిథమ్ సెక్షన్‌తో ఉన్నప్పుడు కుదరదు. అన్నిటికంటే కష్టం, రాసి లేనిది వాయించడానికి భయపడటం. దీనికి మందు చిన్న చిన్నగా మొదలుపెట్టడమే: రెండు బార్లు రాసినవి, రెండు బార్లు సొంతవి.

చేతులు చిన్నవి. పదో స్వరం అందదు. పనికివస్తానా?

తప్పకుండా. ఫ్యాట్స్ వాలర్‌లా పెద్ద చేతులున్నవాళ్ళు ఎడమ చేత్తో పదో స్వరాల దూరాన్ని సులువుగా పట్టేవారు. అందనివాళ్ళు కింది స్వరం ముందు, పై స్వరం వెంటనే వేసి పెడల్‌తో కలుపుతారు. లేదా ఏడో స్వరంతో సరిపెడతారు.

ఇంతకంటే పెద్ద అడ్డంకులు దాటినవాళ్ళున్నారు. హోరేస్ పార్లాన్‌కు చిన్నతనంలో పోలియో వచ్చి కుడిచెయ్యి పాక్షికంగా పడిపోయింది. ఎడమ చేతితో ఎక్కువ పని చేయించే సొంత శైలి తయారు చేసుకుని బేసిస్టు చార్ల్స్ మింగస్ బృందంలో వాయించాడు. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుతో పుట్టిన మిషెల్ పెట్రూచియాని (1962–1999) పెడల్ అందడానికి ప్రత్యేకమైన అమరిక వాడుతూ కచేరీలు చేశాడు. ఆస్కార్ పీటర్సన్‌కు 1993లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. కోలుకుని మళ్ళీ వేదికెక్కాడు.

గాయకులకు వాయించడంలో తేడా ఏమిటి?

చాలా ఉంది, నాకు ఇందులో ప్రత్యేకమైన ఇష్టం కూడా ఉంది. ముందు కీ సంగతి. ప్రతి గొంతుకూ సౌకర్యమైన స్థాయి వేరు కాబట్టి తెలిసిన పాటను తెలియని కీలో అడుగుతారు, అదీ వేదిక ఎక్కే ముందు. పన్నెండు కీలలో సాధన చేసినందుకు ఫలితం అప్పుడు తెలుస్తుంది. కార్డ్‌లను పేర్లతో కాకుండా టూ, ఫైవ్, వన్ అని సంఖ్యలతో గుర్తుపెట్టుకునేవాళ్ళకు ఇది తేలిక.

ఎత్తుగడలో వేగం, కీ, గాయకులు అందుకోవాల్సిన మొదటి స్వరం మూడూ స్పష్టంగా ఉండాలి. ఇందులో తెలివి ప్రదర్శిస్తే గాయకులు తప్పు స్వరంలో ఎత్తుకుంటారు, ఆ తప్పు మీదే. పాట నడుస్తున్నప్పుడు వాళ్ళ బాణీని మీరు వెంటబడి వాయించకూడదు. వాళ్ళు బాణీని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే మీ స్వరం ఢీకొంటుంది. పాట మాటలు కూడా నేర్చుకోండి. మాటలు తెలిస్తే ఎక్కడ ఖాళీ వదలాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌కు ఏళ్ళ తరబడి వాయించిన టామీ ఫ్లానగన్‌ను వినండి. హ్యాంక్ జోన్స్ కూడా ఈ విద్యలో ఆరితేరినవాడు. 1962లో మెరిలిన్ మన్రో అధ్యక్షుడు కెనడీకి పుట్టినరోజు పాట పాడినప్పుడు పియానో దగ్గర ఉన్నది ఆయనే.

బృందంలో గిటారిస్టు కూడా ఉంటే?

ఇద్దరూ ఒకే స్థాయిలో ఒకే కార్డ్‌లు వేస్తే గందరగోళమే. ముందే మాట్లాడుకోండి: ఒక సోలో వెనక ఒకరు, ఇంకో సోలో వెనక ఇంకొకరు. లేదా గిటార్ నాలుగు బీట్లూ సన్నగా కొడుతుంటే పియానో అక్కడక్కడా పలకాలి.

పియానో లేకుండా కూడా జాజ్ వాయిస్తారు కదా. మరి పియానిస్టు అంత అవసరమా?

ఇది పియానిస్టులు అందరూ ఆలోచించాల్సిన ప్రశ్న. జెరీ మలిగన్ 1952లో చెట్ బేకర్‌తో కలిసి పియానో లేని క్వార్టెట్ నడిపాడు. సానీ రోలిన్స్ 1957లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్‌లో బేస్, డ్రమ్స్ మాత్రమే వెంట పెట్టుకుని వాయించాడు. ఆర్నెట్ కోల్‌మన్ 1959 నాటి క్వార్టెట్‌లో కూడా పియానో లేదు. కార్డ్‌లు ఎవరూ వేయకపోతే సోలోయిస్టుకు స్వరాల ఎంపికలో దారులు ఎక్కువవుతాయి. పియానిస్టు వేసే ప్రతి కార్డ్ కొన్ని దారులు మూసేస్తుంది.

1954 డిసెంబర్ 24న జరిగిన ఒక రికార్డింగ్‌లో మైల్స్ డేవిస్ తన ట్రంపెట్ సోలో వెనక వాయించవద్దని థెలోనియస్ మంక్‌ను అడిగాడు. మంక్ (1917–1982) కాంపింగ్ అంత బలమైన వ్యక్తిత్వం ఉన్నది. ఆ రికార్డింగ్‌లో ట్రంపెట్ వెనక ఖాళీ, తర్వాత మంక్ చేరినప్పటి నిండుదనం రెండూ అద్భుతమే.

కాబట్టి చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన నైపుణ్యమే. సోలో మొదటి కోరస్‌లో మానేసి రెండోదానిలో చేరండి. బేస్ సోలో వెనక చాలా పలచగా వాయించండి, లేదా పూర్తిగా ఆపండి. డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు మార్చుకునేటప్పుడు డ్రమ్మర్ వంతులో చెయ్యి ఎత్తేయాలి, లోపల లెక్క మాత్రం నడుస్తూ ఉండాలి.

పియానో ట్రియోలో పియానిస్టే నాయకుడు, మిగతా ఇద్దరూ వెనక ఉండేవాళ్ళు కదా?

చాలా ట్రియోలు అలాగే నడిచాయి. బిల్ ఇవాన్స్, బేసిస్టు స్కాట్ లఫారో, డ్రమ్మర్ పాల్ మోషన్ ఆ పద్ధతిని మార్చారు. బేస్ నాలుగు బీట్లూ నడవడం మానేసి పియానోతో సమానంగా పలికింది. బీట్ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని ప్రతిసారీ గట్టిగా చెప్పలేదు. 1961 జూన్ 25న విలేజ్ వాన్‌గార్డ్‌లో వాళ్ళు వాయించింది రికార్డయింది. పదకొండు రోజులకు లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 25. ఆ తర్వాత వచ్చిన ట్రియోల్లో ఆ ఒక్క రోజు రికార్డింగ్ ప్రభావం లేనివి తక్కువ.

ఒక్కరే కూర్చుని వాయించాలంటే?

ఇప్పుడు బేస్, డ్రమ్స్ పని కూడా మీదే. దీనికి మూలం హార్లెంలో పెరిగిన స్ట్రైడ్ శైలి. ఎడమ చెయ్యి ఒకటి, మూడు బీట్ల మీద కింది బేస్ స్వరానికీ, రెండు, నాలుగు మీద మధ్య కార్డ్‌కూ దూకుతూ ఉంటుంది. జేమ్స్ పి. జాన్సన్ (1894–1955), ఆయన శిష్యుడు ఫ్యాట్స్ వాలర్ దీనికి పెద్దలు. ఆర్ట్ టాటమ్ (1909–1956) దీన్ని ఎవరూ ఊహించనంత ఎత్తుకు తీసుకెళ్ళాడు. ఆయనకు చూపు దాదాపు లేదు.

స్ట్రైడ్ నెమ్మదిగా మొదలుపెట్టండి. చూడకుండా దూకగలిగే వరకు వేగం పెంచకండి. ఒక్కరే వాయిస్తున్నప్పుడు పాట అంతా ఒకే పద్ధతిలో సాగితే వినేవాళ్ళు అలసిపోతారు. ఒక భాగం స్ట్రైడ్, ఒక భాగం నడిచే బేస్ (ప్రతి బీట్ మీదా ఒక్కో కింది స్వరం), ఒక భాగం లయ వదిలేసి స్వేచ్ఛగా, ఇలా మార్చుకోవాలి.

వేదిక మీద తప్పు కార్డ్ పడితే?

హెర్బీ హాంకాక్ చాలాసార్లు చెప్పిన సంఘటన ఉంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మైల్స్ డేవిస్ సోలో మంచి ఊపులో ఉండగా హాంకాక్ పూర్తిగా తప్పు కార్డ్ వేశాడు. మైల్స్ క్షణం ఆగి, ఆ కార్డ్‌ను సరైనదిగా మార్చే స్వరాలు వాయించాడు. ఆయన దాన్ని తప్పుగా వినలేదు, జరిగిన విషయంగా తీసుకున్నాడని హాంకాక్ అంటాడు. పియానిస్టు కూడా ఇతరుల పట్ల ఇదే చేయాలి. సోలో వాయించేవాళ్ళు ఊహించని స్వరం మీద ఆగితే, దానికి కుదిరే కార్డ్ కింద పెట్టడం మీ చేతిలో ఉంది.

ఇక్కడ ట్రైటోన్ మార్పిడి (ఒక సెవెన్ కార్డ్ చోట మూడు పూర్తి మెట్ల దూరంలోని ఇంకో సెవెన్ కార్డ్ వేయడం) లాంటి సిద్ధాంతం అక్కరకొస్తుంది. జి సెవెన్‌లో మూడో స్వరం బి, ఏడో స్వరం ఎఫ్. డి ఫ్లాట్ సెవెన్‌లో కూడా ఆ రెండే ఉంటాయి, స్థానాలు మాత్రం తారుమారు. అందుకే ఒకదాని చోట ఇంకొకటి నిలుస్తుంది. అర మెట్టు పక్కనున్న కార్డ్ పడినా అక్కడినుంచి జారి అసలు చోటికి చేరవచ్చు.

మంచి పియానో దొరకకపోతే?

ట్రంపెట్ వాయించేవాళ్ళు సొంత వాయిద్యం వెంట తెచ్చుకుంటారు. పియానిస్టు ఎక్కడికెళితే అక్కడున్నదే వాయించాలి. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో కీత్ జారెట్‌కు కోరిన పెద్ద పియానోకు బదులు రిహార్సల్‌కు వాడే చిన్నది దొరికింది. పై స్వరాలు పలచగా, కింది స్వరాలు బలహీనంగా ఉన్నాయి, పెడల్ సరిగ్గా లేదు. జారెట్ ఎక్కువగా మధ్య భాగంలోనే ఉండి, ఎడమ చేత్తో ఒకే నమూనాను పదేపదే తిప్పుతూ మొత్తం కచేరీ అప్పటికప్పుడు కట్టాడు. సోలో పియానో రికార్డుల్లో అత్యధికంగా అమ్ముడైనవాటిలో అది ఒకటి. కచేరీకి ముందే వెళ్ళి ఏ కీలు అంటుకుంటున్నాయో, ఏ స్థాయి బాగా పలుకుతోందో చూసుకోవడం ప్రతి పియానిస్టు అలవాటు కావాలి.

ఎలక్ట్రిక్ పియానోను తక్కువగా చూడకండి. ఫెండర్ రోడ్స్‌లో స్వరం గంటలా చాలాసేపు మోగుతుంది. అకూస్టిక్ పియానో వాయిసింగ్‌లు దాని మీద మరీ చిక్కగా ఉంటాయి కాబట్టి ఒకటి రెండు స్వరాలు తగ్గించాలి.

ఈ రంగంలో స్త్రీలు ఎవరూ లేరా?

మొదటినుంచీ ఉన్నారు, పేర్లు తక్కువగా చెబుతారు. 1923లో కింగ్ ఆలివర్ బృందం చేసిన రికార్డుల్లో పియానో లిల్ హార్డిన్‌ది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సొంతంగా పేరు తెచ్చుకోవడానికి ఆమె పట్టుదల పెద్ద కారణం. మేరీ లూ విలియమ్స్ (1910–1981) ఆండీ కర్క్ బ్యాండ్‌కు పియానిస్టు, పాటలు రాసి అరేంజ్ చేసిన మనిషి. 1940ల్లో హార్లెంలోని ఆమె ఇంటికి మంక్, బడ్ పావెల్ లాంటి యువకులు వచ్చి నేర్చుకునేవారు. స్ట్రైడ్ కాలం నుంచి బీబాప్ దాటి అన్ని శైలుల్లోనూ సమకాలికంగా నిలబడ్డవాళ్ళు ఆమెలా చాలా అరుదు. మెకాయ్ టైనర్ వెళ్ళిపోయాక కోల్ట్రేన్ బృందంలో పియానో దగ్గరికి వచ్చింది ఆలిస్ కోల్ట్రేన్.

మొదటిసారి జామ్ సెషన్‌కు (వచ్చినవాళ్ళు అప్పటికప్పుడు కలిసి వాయించే కూడికకు) వెళుతున్నాను. ఏం తెలిసి ఉండాలి?

ఒక బ్లూస్, కొన్ని స్టాండర్డ్‌లు కాగితం చూడకుండా రావాలి. వేదిక మీద చేతి సైగలు ఉంటాయి: వేళ్ళు పైకి చూపిస్తే కీలో ఉన్న షార్ప్‌ల సంఖ్య, కిందికి చూపిస్తే ఫ్లాట్‌ల సంఖ్య. తల మీద చెయ్యి పెడితే హెడ్‌కు తిరిగి వెళ్దామని. ఇంకో పియానిస్టు ఎదురుచూస్తుంటే రెండు పాటల తర్వాత లేచి చోటివ్వండి. తెలియని పాట అడిగితే తెలియదని చెప్పడంలో సిగ్గు లేదు.

రోజూ సాధన ఎలా ఉండాలి?

ఒక పాట పట్టుకుని దాన్ని లోతుగా చేయండి. బాణీ చెవితో నేర్చుకోండి, మూలస్వరాలు విడిగా వాయించండి, షెల్‌లు వేయండి, తర్వాత రూట్ లేని వాయిసింగ్‌లు, ఆ తర్వాతే సోలో. వారం తిరిగేసరికి దాన్ని ఇంకో కీలోకి మార్చండి. నచ్చిన సోలోలో ఎనిమిది బార్లు తీసుకుని ముందు పాడటం, తర్వాత వాయించడం చేయండి, రాసుకోవడం చివర్లో. ఇంకొకరు రాసిపెట్టిన ట్రాన్స్‌క్రిప్షన్ చదివితే వేళ్ళకు వస్తుంది కానీ చెవికి రాదు.

కాంపింగ్‌కు కూడా విడిగా సమయం ఇవ్వండి, ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు. పియానో లేని రికార్డు పెట్టుకుని దాని వెనక వాయించండి. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి మరుసటి రోజు వినండి. ఎక్కడ ఎక్కువ వాయించారో వెంటనే తెలుస్తుంది.

మొదట ఎవరిని వినాలి?

సోలోలు అందరూ వింటారు. మీరు ఒక పాటను ఒకసారి సోలో కోసం, ఇంకోసారి దాని వెనక పియానో ఏం చేస్తోందో తెలుసుకోవడానికి వినండి. దీనికి మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చక్కగా సరిపోతుంది. ఐదు పాటల్లో నాలుగింటిలో పియానో బిల్ ఇవాన్స్‌ది, రెండో పాట అయిన బ్లూస్‌లో మాత్రం వింటన్ కెలీది. మూడో పాటలో ఒక సాక్సోఫోన్ తగ్గడం తప్పిస్తే, ట్రంపెట్ అదే, సాక్సోఫోన్‌లు అవే, బేస్, డ్రమ్స్ కూడా అవే. కెలీ చిన్న చిన్న కార్డ్‌లతో లయను ముందుకు తోస్తూ బ్లూస్‌ను ఉల్లాసంగా నడిపిస్తాడు. ఇవాన్స్ కార్డ్‌లను నీళ్ళలో వదిలినట్టు పరిచి సోలోయిస్టులకు చోటిస్తాడు. మొదటి పాట నుంచి రెండోదానికి, అక్కడినుంచి మూడోదానికి వెళుతూ ఒక్క పియానోనే పట్టుకుని వినండి. పియానో దగ్గరి మనిషి మారగానే బృందమంతా ఎలా మారిందో వినబడుతుంది.